ఐదో వంతు స్పిట్‌ఫైర్, హైదరాబాద్ స్క్వాడ్రన్ రంగులు: మన చెలకల్లో దిగుతుందా?

మూసీగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె, ఉద్యోగం నల్లగొండలో. ఆరేళ్ల నుంచి ఆర్సీ విమానాలు (రిమోట్‌తో నడిపే చిన్న విమానాలు) ఎగరేస్తున్నా. మొదట థర్మాకోల్ ట్రైనర్లు, తర్వాత సన్‌బోర్డుతో సొంతంగా కోసి అతికించినవి, పోయినేడు 20 సీసీ పెట్రోల్ ఇంజన్ పెట్టి బాల్సా అనే తేలిక చెక్కతో 1.8 మీటర్ల రెక్క ఉన్నది ఒకటి కట్టాను. అది ఇప్పటికి అరవై సార్లకు పైగా లేచి క్షేమంగా దిగింది, కాబట్టి ఇక పెద్దదానికి చేయి వేద్దామనుకుంటున్నా.

మనసులో ఉన్నది స్పిట్‌ఫైర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం. అది కూడా 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్‌ది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో మన హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్ ఇది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో సంస్థానం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా, దస్తార్, ఉంటుంది. 1940లో బ్రిటన్ మీద జరిగిన వైమానిక యుద్ధంలో వీళ్లు ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరారు, విమానం పక్కన యూఎం అనే రెండు అక్షరాలు ఉండేవి. తర్వాత బర్మా వైపు వచ్చినప్పుడు విమానం పక్కనుండే బ్రిటిష్ వైమానిక దళం గుండ్రటి గుర్తు మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకున్నారు. సంస్థానం ఖజానా అంటే మా తాతలు కట్టిన శిస్తే కదా. నల్లగొండ జిల్లాలో ఆ శిస్తుల కింద, వెట్టి కింద జనం ఎంత నలిగారో, ఆ తర్వాత ఎట్లా తిరగబడ్డారో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర లేదు. అందుకే ఆ విమానం మీద నాకు కొంచెం హక్కు ఉన్నట్టు అనిపిస్తుంది. దాన్ని మా ఊరి ఆకాశంలో ఒకసారి చూడాలని ఉంది.

స్కేల్ 1:5 అనుకుంటున్నా. అసలు విమానం రెక్క 11.23 మీటర్లు, అంటే నాది దగ్గర దగ్గర 2.25 మీటర్లు వస్తుంది. నా సందేహాలు ఇవి: బరువు ఎంతలో ఆపాలి, 55 సీసీ సరిపోతుందా, రెక్క అండాకారంలో ఉంటుంది కాబట్టి దాని లోపల అడ్డంగా పెట్టే పక్కటెముక చెక్కలు ఏ రెండూ ఒకేలా ఉండవు, వాటిని చేత్తో కోయాలా వేరే దారి ఉందా. అన్నిటికంటే టెన్షన్ ఏమిటంటే నేలది. నాకు తారు రన్‌వే లేదు. వానాకాలం పోయాక ఎండిన చెరువు శిఖం ఒకటి, మా బాబాయి వాళ్ల చెలక ఒకటి, అంతే. పెద్ద యుద్ధ విమానాలు కట్టి ఎగరేసిన వాళ్లు చెప్పండి.


జడ్చర్ల పెద్దన్న

తమ్మీ, నీ ప్రశ్న చదివి చాలా సంతోషమైంది. 152 గురించి రాసినవన్నీ సరిగ్గానే రాశావు. అయినా నా మాట విని స్పిట్‌ఫైర్ ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దో చెప్తా, నువ్వు అనుకున్న అదే విమానం అదే స్కేల్‌లో నేను కట్టిన.

పద్నాలుగు నెలలు పట్టింది. రెక్క అందం చూసి ఇంట్లో వాళ్లు కూడా కాసేపు నిలబడి చూసేవాళ్లు. మూడోసారి ఎగరేసినప్పుడు, పత్తి తీసేసి దున్ని చదును చేసిన చేనులో దించిన. చక్రం నేలకు ఆనింది, పది పదిహేను అడుగులు మంచిగ ఉరికింది, అంతలో ఎడమ చక్రం పాత సాలులో పడ్డది. తోక లేచి ముక్కు నేలకు గుచ్చుకుంది. ప్రాప్ (ముందు తిరిగే పంకా) రెండు ముక్కలు, కౌలింగ్ (ఇంజన్ మీది మూత) పగులు, రెక్క కింద రేడియేటర్ డబ్బా ఊడి వెనక పడ్డది. దగ్గరికి పోయి చూస్తే ఆ చక్రానికి ఏడు పల్లేరుకాయలు గుచ్చుకుని ఉన్నయి, నేను లెక్క పెట్టిన. ఫోమ్ టైరు కాబట్టి గాలి పోయే సమస్య లేదు కానీ ముళ్లతో, మట్టితో అది తిరగడమే ఆగిపోయింది.

ఇది నా చేతి తప్పు ఒక్కటే కాదు, ఆ విమానం కాళ్ల తీరే అంత. స్పిట్‌ఫైర్ కాళ్లు మొండెం దగ్గర మొదలై బయటికి ముడుచుకుంటయి. అందుకే నేల మీద రెండు చక్రాల మధ్య దూరం చాలా తక్కువ. అసలు విమానంలోనే సుమారు 1.74 మీటర్లు, నీ స్కేల్‌లో 35 సెంటీమీటర్లు. రెండుంబావు మీటర్ల రెక్కను జానెడున్నర కాళ్ల మీద నిలబెట్టి సాళ్లున్న నేలలో ఉరికించడం అన్నమాట. సన్నగా కోసిన పచ్చిక మీదనో తారు మీదనో ఆడేవాళ్లకు అది నడుస్తుంది.

అదే కాలం నాటి ఇంకో బ్రిటిష్ యుద్ధ విమానం హరికేన్ అట్ల కాదు. దాని కాళ్లు రెక్కలో దూరంగా మొదలై లోపలికి ముడుచుకుంటయి, కాబట్టి నేల మీద ఎడంగా నిలబడుతుంది. నిజం యుద్ధంలో కూడా గరుకు మైదానాల్లో దాన్నే నమ్ముకున్నరు. నీకు కావాల్సింది హైదరాబాద్ పేరే అయితే దానిలోనూ ఉంది: 253 (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్. 1940లో అది హరికేన్ల స్క్వాడ్రన్, పక్కన ఎస్‌డబ్ల్యూ అక్షరాలు. ఆ ఏడు ఆగస్టు చివర్లో లండన్ దగ్గరి కెన్లీకి వచ్చి నువ్వు చెప్పిన ఆ బ్రిటన్ వైమానిక యుద్ధంలో పాల్గొంది. ఇంకో మాట, ఆ యుద్ధంలో శత్రు విమానాలను ఎక్కువ కూల్చింది హరికేన్లే, పేరు మాత్రం స్పిట్‌ఫైర్‌కు వచ్చింది. మన నిజాం పేరు మొదటి ప్రపంచ యుద్ధంలో కూడా ఉండె, 110వ స్క్వాడ్రన్‌కు 1918లో డీహెచ్ 9ఏ విమానాలు ఇచ్చిన్రు, రెండంతస్తుల రెక్కలవి. అది నీ తర్వాతి పని కావచ్చు.

కట్టడంలో కూడా తేడా ఉంది. హరికేన్ వెనక సగం అసలు దాంట్లోనే పొడవాటి సన్న కర్రల మీద గుడ్డ కప్పినది. అంటే నువ్వు బాల్సా స్ట్రింగర్లు, అంటే అట్లాంటి సన్న కర్రలే, పరిచి పైన ఇస్త్రీతో అతికే ఫాబ్రిక్ కప్పితే అది అసలుకు దగ్గరే, పైగా తోక తేలికగా ఉంటుంది. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో రెండున్నర మూడు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తది. నేను స్పిట్‌ఫైర్‌కు మొత్తం ఫైబర్ గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ పూసిన, గట్టిగా ఉండాలని. చివరికి తక్కెడ మీద పెడితే 13.4 కిలోలు.

బరువు లెక్క ఇక్కడ చూడు. 1:5లో స్పిట్‌ఫైర్ రెక్క వైశాల్యం 0.9 చదరపు మీటరు, హరికేన్‌ది 0.96 దాకా వస్తది. నా స్పిట్‌ఫైర్‌కు చదరపు మీటరుకు దాదాపు 15 కిలోలు పడ్డది. తర్వాత కట్టిన హరికేన్ 11.2 కిలోల దగ్గర ఆగింది, అంటే 11.7. లెక్క కడితే స్టాల్ అయ్యే వేగం, అంటే అంతకంటే నెమ్మదిస్తే రెక్క విమానాన్ని మోయలేని వేగం, మొదటిదానికి గంటకు 54 కిలోమీటర్ల దగ్గర, రెండోదానికి 48 దగ్గర తేలింది. కాగితం మీద ఆరే కదా అనిపిస్తది. చేతిలో రిమోట్ పట్టుకుని, రన్‌వే అయిపోతున్నప్పుడు ఆ ఆరు ఎంతో తెలుస్తది. నా స్పిట్‌ఫైర్ ఐదోసారి దిగడానికి మలుపు తిప్పుతుంటే నెమ్మదించి ఎడమ రెక్క దబ్బున కిందికి పడ్డది. లేపడానికి ఎత్తు లేదు. ఇంజన్, రెండు సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) తప్ప ఏమీ మిగలలేదు.

కాబట్టి 11 కిలోలు దాటనీయకు, దానికి 50 నుంచి 60 సీసీ పెట్రోల్ ఇంజన్ సరిపోతది, 22x8 ప్రాప్‌తో మొదలుపెట్టు. రెక్క చివర్లు లోపలి భాగం కంటే రెండు డిగ్రీలు కిందికి చూసేటట్టు వాషౌట్ పెట్టు, అప్పుడు స్టాల్ లోపలి నుంచి మొదలవుతది, చివరి నుంచి కాదు, ఐలెరాన్ (రెక్క చివర కదిలే పలక) కొంచెం సేపు పని చేస్తది.

పక్కటెముకలు చేత్తో కోయనవసరం లేదు. నల్లగొండలోనే అక్రిలిక్ నేమ్‌ప్లేట్లు చేసే షాపుల్లో లేజర్ మెషిన్లు ఉన్నయి. ఫైల్ గీసుకుని పోతే బాల్సా, లైట్ ప్లై రెండూ కోసిస్తరు. మొదటిసారి ఒక తునక మీద కోయించి చూసుకో, మంట ఎక్కువ పెడితే అంచులు బొగ్గయి జిగురు పట్టదు. సన్న శాండ్‌పేపర్‌తో ఆ నలుపు తీసేసి అతికియ్యి.


మిర్యాలగూడ సిగ్నల్

పెద్దన్న విమానం సంగతి చెప్పిండు, నేను కరెంటు సంగతి చెప్తా, ఎందుకంటే పెద్ద విమానాలు పోయేది ఎక్కువ దాని వల్లే.

మూడేళ్ల కింద నాకొక 2.1 మీటర్ల విమానం ఉండె. రిసీవర్‌కు (రిమోట్ సిగ్నల్ అందుకునే డబ్బాకు) ఒకే బ్యాటరీ, ఒకే స్విచ్. ఆ స్విచ్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. పెట్రోల్ ఇంజన్ వణుకుకు లోపల కాంటాక్ట్ లూజ్ అయింది. అప్పుడు విమానం నాకు రెండు వందల మీటర్ల దూరంలో ఉంది, ఉన్నట్టుండి స్టిక్‌కు జవాబు లేదు. త్రాటిల్ (ఇంజన్ వేగం పెంచి తగ్గించేది) సర్వో సగంలో ఎక్కడ ఉందో అక్కడే బిగుసుకుని ఉంది, విమానం అట్లే నేరుగా పోతూనే ఉంది. నేను చేత్తో ఏమీ చేయలేక నిలబడి చూసిన ఆ పదిహేను సెకన్లు ఇప్పటికీ గుర్తున్నయి. పోయి పోయి బత్తాయి తోటలో పడ్డది. అదృష్టం, కాయ కోసేవాళ్లు ఆ రోజు ఇంకో పక్క ఉన్నరు. చెట్టు కొమ్మలకు, కాయకు రైతుకు డబ్బులు కట్టిన, కానీ ఆ రోజు అక్కడ మనిషి ఉంటే ఏమయ్యేదో అనేదే నన్ను చాలా రోజులు నిద్ర పోనీయలేదు.

అందుకే చెప్తున్నా, రిసీవర్‌కు రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు. ఇగ్నిషన్‌కు (ఇంజన్‌కు స్పార్క్ ఇచ్చే డబ్బాకు) వేరే బ్యాటరీ, దాన్ని రిమోట్ నుంచే ఆపే కిల్ స్విచ్, అదీ ఆప్టికల్‌ది, అంటే వైరు కలవకుండా వెలుతురుతో పని చేసేది. దానికి కరెంటు ఇగ్నిషన్ బ్యాటరీ నుంచే పోవాలి, అప్పుడు రిసీవర్ చచ్చినా, సిగ్నల్ రాకున్నా ఇంజన్ దానంతట అదే ఆగిపోతది. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చేయాలో ముందే చెప్పి పెట్టేది) పెట్టినా రిసీవర్‌లో కరెంటే లేకపోతే సర్వో కదలదు, నాకు అర్థమైంది అదే. ఇగ్నిషన్ డబ్బాకు, రిసీవర్‌కు కనీసం ఒక అడుగు దూరం. త్రాటిల్‌కు లోహపు కడ్డీ వాడకు, ప్లాస్టిక్ లేదా ఫైబర్ కడ్డీ పెట్టు, లేకపోతే స్పార్క్ గోల దాని గుండా రిసీవర్ దాకా వస్తది. ఫెయిల్‌సేఫ్ మాత్రం ఇంజన్ పూర్తిగా ఆగేటట్టు పెట్టుకుని, నేల మీద ప్రాప్ తీసేసి, రిమోట్ ఆఫ్ చేసి కళ్లతో చూడు.

పెట్రోల్ గురించి ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్ ఉంటున్నది. మామూలు రబ్బరు పైపును, కార్బురేటర్‌లోని డయాఫ్రమ్‌ను అది పాడు చేస్తది. ఎగరేయడం అయినంక ట్యాంక్ ఖాళీ చేసి, పైపులో ఉన్నది కూడా ఇంజన్ తిప్పి కాల్చెయ్యి. 30 పాళ్ల పెట్రోల్‌కు టూ స్ట్రోక్ ఆయిల్ ఒక పాలు, తయారు చేసినవాళ్ల కాగితంలో వేరేగా ఉంటే అదే పాటించు.


చార్మినార్ రెక్కలు

నేను ఒప్పుకోను పెద్దన్నా. మనిషి మనసులో స్పిట్‌ఫైర్ ఉంటే హరికేన్ కట్టమంటే సగంలో ఆపేస్తాడు. సంవత్సరం పాటు రోజూ రాత్రి రెండు గంటలు కూర్చుని రుద్దేది ప్రేమ ఉంటేనే జరుగుతుంది. తమ్ముడూ, కొంచెం పెద్ద చక్రాలు వేసుకో, కాళ్లు అసలుదాని కంటే రెండు సెంటీమీటర్లు ముందుకు వంచి పెట్టుకో, గ్లాస్ గుడ్డ పలచగా వెయ్యి, స్పిట్‌ఫైర్ దిగుతుంది. అండాకారం రెక్కకు సీజీ (విమానం బరువు తూగే చోటు) లెక్క కూడా భయపడేంత కష్టం కాదు, సగటు ఏరోడైనమిక్ ఛార్డ్ (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా ఉండే వెడల్పు) అంటే మొండెం దగ్గరి వెడల్పులో 85 శాతం వేసుకుంటే సరిపోతుంది, దాంట్లో ముందు నుంచి పాతిక శాతం దగ్గర మొదటిసారి నిలబెట్టు.


జడ్చర్ల పెద్దన్న

85 శాతం లెక్క సరిగ్గా చెప్పావు తమ్మీ, ప్రేమ సంగతి కూడా కాదనను. కానీ నువ్వు దించేది నగరం దగ్గర గట్టి నేల మీద. ఈయన దించేది చెరువు శిఖంలో. నల్లరేగడి ఎండితే పర్రెలు వస్తయి, వాటిలో మూడు వేళ్లు పడతయి. కాళ్లు ముందుకు వంచితే ముక్కు గుచ్చుకోవడం తగ్గుతది, నిజమే, పక్కకు ఒరగడం తగ్గదు. మొదటి పెద్ద విమానం ముక్కలైతే చాలామంది రెండోది కట్టరు, నేను అది చూసిన. హరికేన్‌తో వంద సార్లు దిగి చేయి కుదిరినంక స్పిట్‌ఫైర్ కట్టుకోవచ్చు, ఇద్దరం కలిసే కడదాం.


కృష్ణాతీరం

గద్వాల వైపు నుంచి. రూల్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. 2021 డ్రోన్ నిబంధనల్లో మన లాంటివి మోడల్ విమానాల కింద వస్తాయి: మొత్తం బరువు 25 కిలోల లోపు, సరదా, చదువు, పరిశోధన లాంటి వాటికి మాత్రమే, కంటికి కనపడేంత దూరంలోనే. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ నేల గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. గ్రీన్‌లో 120 మీటర్ల ఎత్తు దాకా, విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 60 మీటర్ల దాకానే. ఆ రోజు పొద్దున మళ్లీ చూడాలి, మ్యాప్ మారుతుంటుంది. రిజిస్ట్రేషన్ విషయం కూడా చూసి పూర్తి చేసుకోండి.

నేనైతే ఇవి కాక ఠాణాకు పోయి ఒక కాగితం ఇచ్చి వస్తాను, సర్పంచ్‌కు చెప్తాను. పెట్రోల్ ఇంజన్ చప్పుడు రెండు కిలోమీటర్ల దాకా వినపడుతుంది. ఊళ్లో పిల్లలందరూ ఉరికొస్తారు. వాళ్లను తిట్టి పంపకండి, కానీ మనిషి ఒకరిని పెట్టి మీ వెనక ముప్పై మీటర్ల దూరంలో తాడు కట్టి నిలబెట్టండి. ప్రాప్ తిరిగే వరుసలో ఎవరూ ఉండొద్దు. మేకల మంద వస్తే ఆగండి, గొల్లవాళ్లతో ముందే మాట్లాడుకుంటే వాళ్లే అటు తోలరు. బోర్ల కోసం వేసిన కరెంటు తీగలు దూరం నుంచి కనపడవు, స్తంభాలు చూసి లెక్కేసుకోండి.

ఎండాకాలం పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు ముగించండి. తర్వాత సుడిగాలులు లేస్తాయి, గాలి పలచబడి ఇంజన్ లాగదు, కారులో పెట్టిన లైపో బ్యాటరీలు ఉబ్బుతాయి. ముదురు రంగు కవరింగ్ ఎండకు బుడగలు వస్తుంది, గుడారం నీడలో పెట్టండి.


మూసీగట్టు

అందరికీ చేతులు జోడించి దండం. రెండు రోజులు ఆలోచించాను. నిన్న సాయంత్రం చెరువు శిఖంలోకి పోయి పెద్దన్న చెప్పిన పర్రెల్లో చేయి పెట్టి చూశాను, నా మణికట్టు దాకా దిగింది. అక్కడ కాదు, బాబాయి చెలకలోనే. ఆయన అరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు వదిలేస్తానన్నాడు, ట్రాక్టర్‌తో చదును చేయించి రోలర్ తిప్పిస్తే సాళ్లు పోతాయి, పల్లేరు మాత్రం చేత్తో ఏరాలి.

హరికేనే కడతాను. 253, ఎస్‌డబ్ల్యూ అక్షరాలు, పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు, కింద ఆ లేత స్కై రంగు. మా నాన్నకు చెప్తే మన దగ్గరి పేరే కదా, ఏదైతే ఏమిటన్నాడు. చార్మినార్ అన్నా, మీ మాట కూడా మనసులో ఉంది, దూకే చిరుత బొమ్మ గీసిన కాగితం గోడకు అట్లాగే ఉంచాను.

రెండు సందేహాలు మిగిలాయి. అరవై మీటర్లు చాలుతుందా? సీజీ చూసేటప్పుడు కాళ్లు ముడిచి చూడాలా, దించి చూడాలా?


జడ్చర్ల పెద్దన్న

ముడిచి చూడు. హరికేన్ కాళ్లు లోపలికే కాదు, కొంచెం వెనక్కి కూడా పోతయి, కాబట్టి ముడిచినప్పుడు బరువు వెనక్కి జరుగుతది. దించి చూసి సరి పెట్టుకుంటే గాలిలో తోక బరువవుతది, తోక బరువైన విమానాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. మొదట పాతిక శాతం దగ్గర పెట్టు.

అరవై మీటర్లు లేవడానికి చాలు, దిగడానికి ఇరుకు. బాబాయిని బతిమాలి తొంభై చేయించు, రెండు కొసలకు చెట్టు, స్తంభం లేకుండా చూడు. లేచేటప్పుడు ఒక్కసారిగా త్రాటిల్ తెరవకు, ఎడమకు గుంజుతది, కుడి రడ్డర్ (తోకలోని నిలువు పలక) మెల్లగా కలుపుకుంటూ పో, తోక లేచేదాకా ఎలివేటర్ (తోకలోని అడ్డ పలక) కొంచెం పైకే పట్టుకో.

నా హరికేన్ రెక్క పాత నక్ష అట్టముక్కల మీద గీసినది ఇంట్లో ఉంది. వచ్చే ఆదివారం పొద్దున జడ్చర్ల రా, కొలతలు రాసుకుని పో. కాళ్ల మెకానిజం కూడా విప్పి చూపిస్తా, మొదటి రెండు నెలలు అది పక్కన పెట్టి ఫిక్స్‌డ్ కాళ్లతో ఎగరేసినా తప్పు లేదు. పొడవాటి టేపు తెచ్చుకో, నాది మూడు మీటర్ల దగ్గర తెగింది.